రాజవ్వ కలిపిన ఎర్ర మందు

గ్రాంట్ రోడ్ స్టేషను బయట ఒక మందుల దుకాణంలో మొన్న దగ్గు మందు కొన్నాను. మూత తిప్పగానే లవంగం, పిప్పరమెంటు, వాటి వెనక ఏదో తియ్యటి మత్తు వాసన ముక్కుకు తగిలాయి. నేను తాగలేదు. సీసాను దుకాణం ట్యూబులైటుకు ఎదురుగా ఎత్తి పట్టుకున్నాను, పక్కకు వంచాను, అడుగు నుంచి పైకి చూశాను. దుకాణదారు కాసేపు ఓపిక పట్టి, అందులో ఏమైనా పడిందా అని అడిగాడు. ఏమీ పడలేదన్నాను. మరి ఏం చూస్తున్నావన్నాడు. ఏ రంగును పోనిస్తోందో చూస్తున్నానన్నాను. అతను చిల్లర కాస్త తొందరగా ఇచ్చేశాడు.

ఈ అలవాటు రాజవ్వ చిన్నమ్మ నుంచి వచ్చింది. ఆమె నాకు వరసకు ఏమీ కాదు. మా చాల్‌లో అంటే వరస గదుల మేడలో, ఒకే నల్లా దగ్గర బిందెలు పెట్టే ఆడవాళ్లందరూ మాకు చిన్నమ్మలో పెద్దమ్మలో అయ్యేవారు; అలా పిలవనివాడికి నీళ్లు దొరికేవి కావు. కామాఠీపురలో మా తాతల నాటి నుంచి ఉన్నాం. వాళ్లు ఈ ఊరికి రాళ్లు మోసి గోడలు కట్టి, తమకు మాత్రం పది అడుగుల గది మిగుల్చుకున్నారు. మా నాన్న కాలంలో ఆ గదికి ఒక అటక వచ్చింది. నా కాలంలో ఆ అటక మీదికి నేను వచ్చాను. మా వంశచరిత్ర ఇంతే. రాజవ్వ చిన్నమ్మ గది మా ఎదురు వరసలో ఉండేది. ఆమె పని చేసే దవాఖానా మా చాల్ కిందనే, గల్లీ వైపు తెరుచుకుని ఉండేది. ఆమె అక్కడ కాంపౌండరు.

ఆడమనిషి కాంపౌండరు ఏమిటని కొత్తవాళ్లు అడిగేవారు. ఆమె మొదట అక్కడ ఊడ్చడానికి చేరింది. కొన్నాళ్లకు సీసాలు కడగమన్నారు. కడిగిన సీసాలు నింపమన్నారు. ఒక వానాకాలం పాత కాంపౌండరు సొంత ఊరికి పోయి తిరిగి రాకపోతే, కలపమన్నారు. ఇరవై ఏళ్లయినా ఆమె చేతిలో ఒక్క సర్టిఫికెట్టు లేదు. మరాఠీ అంకెలు, మందుల పేర్ల మొదటి అక్షరాలు చదవగలిగేది. సంతకం తెలుగులో పెట్టేది. పొట్టి మనిషి, దారంతో చెవికి కట్టుకున్న కళ్లద్దాలు. పుండ్లకు పూసే ఊదా మందు వల్ల ఆమె ఎడమ బొటనవేలు ఎప్పుడూ ఊదారంగులో ఉండేది. ఏ రోజు చూసినా అప్పుడే ఓటు వేసి వచ్చినట్టు కనిపించేది.

ఆ రోజుల్లో మందుకు సీసా మనమే తీసుకుపోవాలి. పెద్ద డాక్టరు చీటీ మీద ఏదో గీకేవాడు. చిన్నమ్మ కిటికీ గట్టు మీది పెద్ద గాజు జాడీల్లోంచి మన సీసాలోకి మందు వంచి, తెల్ల కాగితం పట్టీని కత్తెరతో పళ్లలా కత్తిరించి సీసా మీద అంటించేది. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. జాడీలు మూడు: దగ్గుకూ జ్వరానికీ ఎర్రది, కడుపుకు పసుపుపచ్చది, నీరసానికి నారింజరంగుది. పొద్దున పూట ఎండ ఆ జాడీల్లోంచి వచ్చి రోగులు కూర్చునే బల్ల మీద పడేది. పసుపు మరక పడే చోట కూర్చున్నవాడికి కామెర్లు వచ్చినట్టుండేది. కొంతమంది అక్కడ కూర్చోవడానికి ఒప్పుకునేవారు కాదు. నేను కావాలని అక్కడే కూర్చుని, ఇంటికి కబురు పంపమని మూలిగేవాణ్ని.

మా గల్లీలో అందరికీ తెలిసిన ఒక వైద్యరహస్యం ఏమిటంటే, ఎర్ర మందు కన్నా నల్ల మందు గట్టిది. దవాఖానాలో నల్ల జాడీ లేదు కదా అంటే, ఉందనేది మూడో అంతస్తు ఎల్లవ్వ. ఆమె దగ్గు ఆమె కన్నా ముందు మెట్లు దిగేది. ఆమె ఎక్కడినుంచో ఒక ఆకుపచ్చ సీసా సంపాదించింది. అందులో పోయించుకుంటే మందు నల్లగా ఉంటుందని, తెల్ల సీసా తెచ్చేవాళ్లకు డాక్టరు ఉత్త ఎర్రదే ఇస్తాడని నల్లా దగ్గర చెప్పింది. నెల తిరిగేసరికి సగం చాల్ ఆకుపచ్చ సీసాలతో వరసలో నిలబడింది. వాటిలో చాలావాటికి అంతకుముందు వేరే వృత్తి ఉండేది; వాసన పోలేదు.

చిన్నమ్మ ఎవరితోనూ వాదించలేదు, నింపి ఇచ్చేది. నేనే ఉండబట్టలేక ఆ నల్ల మందు సంగతేమిటని అడిగాను. ఆమె తెల్ల గాజు గ్లాసులో ఎర్ర మందు పోసి కిటికీకి ఎదురుగా పెట్టి, ఒక ఖాళీ ఆకుపచ్చ సీసాను దాని ముందు నిలబెట్టింది. ఎర్రది నల్లబడింది. సీసా పక్కకు జరిపితే ఎర్రది ఎర్రగానే ఉంది.

“తెల్లటి ఎలుగుల అన్ని రంగులు కలిసి వస్తయి బిడ్డ,” అంది. “ఊరేగింపు లెక్క. ఎర్ర మందు గల్లీకి అడ్డం నిలవడ్డోడు అనుకో. ఎర్రంగీలోళ్లనే పోనిస్తడు, మిగిలినోళ్లను పట్టుకుంటడు. గీ ఆకుపచ్చ సీస ఇంకోడు. గీడు ఆకుపచ్చ అంగీలనే పోనిస్తడు. ఇద్దరిని దాటి ఆవలికి ఎవలు పోతరు?”

ఎవరూ పోరన్నాను.

“గదే నలుపు,” అంది.

ఒక వానాకాలం మధ్యాహ్నం రోగులెవరూ రానప్పుడు పెద్ద డాక్టరు ఆమెకు ఈ సంగతి చెప్పాడట. ఆయన ఏ మాటల్లో చెప్పాడో తెలియదు. ఆయనకు ఊరేగింపులంటే పడవు. అంగీలు, అడ్డం నిలబడడం అంతా ఆమె సొంతం. రంగు మందు దగ్గర ఉన్నది కాదు, మందు తినగా మిగిలింది అన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. పదో తరగతి పుస్తకంలోనూ ఉండే ఉంటుంది. ఆ పేజీ తెరిచిన జ్ఞాపకం లేదు.

ఇంకోసారి ఇద్దరు ఆడవాళ్లు ఒకే దగ్గుకు ఒకే రోజు మందు తీసుకుని మెట్ల మీద కొట్లాటకు దిగారు. ఒకామె బల్లపరుపు నూనె సీసా తెచ్చింది, అందులో మందు గులాబీ రంగులో ఉంది. రెండో ఆమె లావుపాటి గుండ్రటి సీసా తెచ్చింది, అందులో ముదురు ఎరుపు. తన మందులో నీళ్లు కలిపారని మొదటామె, మనిషిని చూసి మందు ఇస్తారని ఆమె మరిది. చిన్నమ్మ కిందనుంచి వచ్చి, మొదటామె సీసాను తీసుకుని సన్నటి వైపు నుంచి కాక పక్కవాటుగా, వెడల్పు పొడవునా చూపించింది. గులాబీ కాస్తా ముదురు ఎరుపయింది. చాయ్‌ను సాసర్‌లో పోస్తే పల్చగా, గ్లాసులో పోస్తే చిక్కగా కనపడదా, వెలుగు మందులో ఎంత దూరం నడిస్తే అంతమంది పట్టుబడతారు అని చెప్పి తన పనికి తాను పోయింది. కొట్లాట ఆగలేదు. కారణం మాత్రం మారింది. మరిది ఎందుకు కలగజేసుకున్నాడన్నది కొత్త కారణం.

అప్పట్లో మా అంతస్తుకంతా ఒకే టీవీ, నలుపు తెలుపుది. రంగుల టీవీ వచ్చిందని విని, దాని యజమాని మూడు రంగుల ప్లాస్టిక్ రేకు కొనుక్కొచ్చి తెర మీద అంటించాడు. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ. వార్తలు చదివే ఆమెకు నీలం జుట్టు, నారింజ మొహం, ఆకుపచ్చ జాకెట్టు వచ్చాయి. అందరూ మెచ్చుకున్నారు. చిన్నమ్మ ఒక్కతే కాసేపు చూసి, ఆ రేకు రంగు ఇయ్యడం లేదు, తెలుపులోంచి మిగతావి గుంజుకుంటోంది, అందుకే బొమ్మ అంతకుముందు కన్నా చీకటైందని నాకు మెల్లగా చెప్పింది. అది నిజమే. పైకి చెబితే టీవీ చూడనిచ్చేవారు కాదు కనుక ఇద్దరం ఊరుకున్నాం.

నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు. నాగ్‌పాడాలో పెళ్లిళ్లకూ పండుగలకూ దీపాలు కట్టే దుకాణంలో వైర్‌మన్‌గా చేరాను. దవాఖానా ఫ్యాను పాడైతే నన్నే పిలిచేవారు. అలా ఒక మధ్యాహ్నం నేను బల్ల మీద నిలబడి ఫ్యాను తీగలు విప్పుతుంటే, కింద చిన్నమ్మ ఎర్ర జాడీకి మందు కలుపుతోంది. పొడులు కొలిచింది, నీళ్లు పోసింది, వాసన మందు వేసింది, గాజు కడ్డీతో తిప్పింది. జాడీ నిండా ఉన్నది నీళ్లలాగే తేటగా ఉంది. ఆ తరువాత చిన్న డబ్బాలోంచి చిటికెడు రంగు తీసి వేసింది. అప్పుడు ఎర్రబడింది.

నేను పైనుంచి చూస్తున్నానని ఆమెకు తెలుసు. మందుకు రంగు లేదని, రంగు తన కోసం, రోగుల కోసం అని చెప్పింది. తనకు ఏ జాడీ ఏదో తెలుస్తుంది, వాళ్లకు మందు తాగినట్టుంటుంది. బయట అనకు అంది. అననన్నాను. నా నోటి మీద ఆమెకు నమ్మకం ఉందో, నేనేం చెప్పినా ఎవరూ నమ్మరని నమ్మకం ఉందో అప్పుడు అడగలేదు.

ఆ ఏడాది గణపతి మండలి పెద్దలకు లంకాదహనం చూపించాలనిపించింది. గణపతికీ లంకకూ ఏం సంబంధమని అడిగాను. నువ్వు దీపాలు కట్టు అన్నారు. గల్లీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ట్యూబులైట్లన్నిటికీ గాజులా వెలుగును పోనిచ్చే ఎర్ర జిలెటిన్ కాగితం చుట్టాను. మా పేట పేరు వినగానే బయటివాళ్లు ఎర్ర దీపాలే ఊహించుకుంటారు. మా గల్లీలో మాత్రం అన్ని ఎర్ర దీపాలు ఒకేసారి వెలిగింది వినాయకుడి కోసమే, అదీ నా చేతి మీదుగా. మొదటి సాయంత్రం దీపాలు వేయగానే అందరూ అబ్బో అన్నారు. అయిదు నిమిషాల్లో కళ్లు అలవాటుపడి, తెల్ల చొక్కాలు మళ్లీ తెల్లగానే కనిపించడం మొదలైంది. లంక తగలబడుతోందని ఎవరికీ గుర్తు లేదు.

ఆ సాయంత్రమే కిష్టయ్య వచ్చాడు. పాలమూరు నుంచి కూలికి వచ్చిన మనిషి, పక్క గల్లీలో కడుతున్న భవనం దగ్గర రేకుల కింద పెళ్లాం పిల్లతో ఉండేవాడు. పిల్లకు జ్వరం. దవాఖానాలో మందు పోయించుకుని, సీసాను తువ్వాలులో చుట్టుకుని జనంలోంచి బయటపడ్డాడు. మోతాదు పళ్లు ఎన్ని ఉన్నాయో చూసుకుందామని గల్లీలో నిలబడి సీసా బయటికి తీశాడు. నేను అతని పక్కనే నిచ్చెన మీద ఉన్నాను.

“తమ్మీ, జర చూడు,” అన్నాడు. “లోపల ఎర్రగ ఉండె. గిప్పుడు నీళ్ల లెక్కున్నది.”

చూశాను. నీళ్లలాగే ఉంది. అడ్డం నిలబడ్డవాడి సంగతి నాకు నోటికి వచ్చు. ఊరేగింపు మొత్తం ఎర్రంగీలవాళ్లే అయితే ఆ అడ్డం నిలబడ్డవాడు ఎవరినీ పట్టుకోడు, అసలు వాడు అక్కడ ఉన్నట్టే తెలియదు అని రెండు నిమిషాలు ఆలోచిస్తే తోచేది. కాని నిచ్చెన మీద ఉన్నవాడి వైపు కింద పదిహేను మంది తలెత్తి చూస్తున్నప్పుడు ఆలోచన కన్నా మాట ముందు వస్తుంది.

“రంగు డబ్బా ఒడిసినట్టున్నది మామా,” అన్నాను. “రంగు లేకుంటే చిన్నమ్మ మందు నల్లా నీళ్లే.”

నా జీవితంలో అంత బాగా పండిన జోకు ఇంకొకటి లేదు. హారతి వేళకు అది గల్లీ ఆ చివరికి పోయి, కొంచెం పెరిగి, నా దగ్గరికే తిరిగి వచ్చింది. కిష్టయ్య మందును మోరీలో పారబోశాడని కూడా అప్పుడే తెలిసింది. మర్నాడు పిల్లను పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. నాలుగు రోజుల్లో తగ్గింది. జ్వరం ఎవరి పక్షమూ తీసుకోలేదు.

ఆ తరువాత జరిగింది మా గల్లీవాళ్లకు మాత్రమే సాధ్యం. సాయంత్రం మందు తీసుకున్న ప్రతివాళ్లూ నా దీపాల కిందికి వచ్చి సీసా ఎత్తి చూసుకున్నారు. అందరివీ నీళ్లే. పొద్దున తీసుకున్నవాళ్లు ఎండలో చూసుకున్నారు. అందరివీ ఎరుపే. దాంతో ఒక సిద్ధాంతం తయారైంది: పొద్దున పెద్ద డాక్టరు ఉంటాడు కనుక రాజవ్వ అసలు మందు ఇస్తుంది, సాయంత్రం ఆయన కొడుకు ఉంటాడు కనుక నీళ్లు ఇస్తుంది. అది రుజువులున్న సిద్ధాంతం. ఎవరైనా పరీక్షించుకోవచ్చు. ఆమెకు అప్పటికే నీళ్ల కాంపౌండర్ అని పేరు పడింది.

మూడో సాయంత్రం మండలి పెద్ద పదిహేను మందిని వెంటబెట్టుకుని దవాఖానాకు వచ్చాడు. చిన్న డాక్టరు అంతా విన్నాడు. చదువుకున్నవాడు, మర్యాదస్థుడు. ఈ సంగతి ఇవాళే తేలాలని, తేలకపోతే రాజవ్వ రేపటినుంచి రానక్కర్లేదని హిందీలో అన్నాడు. ఇరవై ఏళ్ల పని ఆ ఒక్క వాక్యంలో బల్ల మీద పెట్టాడు. గల్లీలో హారతి పాట సాగుతోంది.

చిన్నమ్మ ఏడవలేదు, ఒట్లు పెట్టుకోలేదు. అలాంటిదేదో జరుగుతుందని చూడ్డానికి వచ్చినవాళ్లకు కొంత నిరాశ. ఆమె కిష్టయ్యను ముందుకు పిలిచి, తెల్ల సీసా ఒకటి ఇచ్చి కడుక్కోమంది. ఎర్ర జాడీలోంచి అతణ్నే వంచుకోమంది. సీసా తన చేతికి ఇవ్వవద్దంది.

“నువ్వే పట్టుకో,” అంది. “నడువు.”

కిష్టయ్య సీసాను కళ్ల ముందు పట్టుకుని గుమ్మం దాటాడు. ఎరుపు పోయింది. వెనక పదిహేను మంది ఒక్కసారి ఊపిరి తీశారు. వెనక్కి రమ్మంది. గుమ్మం లోపల, తెల్ల ట్యూబులైటు కింద, ఎరుపు వచ్చింది. మళ్లీ పొమ్మంది. అతను అయిదుసార్లు గుమ్మం దాటాడు, చివరి రెండుసార్లు తనంతట తానే. తరువాత ఆమె నా వైపు తిరిగి, నిచ్చెన వేసి గుమ్మం ముందున్న దీపం మీద కాగితం విప్పమంది. విప్పాను. గల్లీలోనే, అందరి నడుమా, మందు ఎర్రగా నిలబడింది. నీ సంచిలో నీలం కాగితం ఉన్నదా అని అడిగింది. ఉంది. చుట్టాను. మందు సిరాలాగ నల్లబడింది.

“గదే,” అంది జనంలోంచి ఎల్లవ్వ. “గా నల్లది నాకు పొయ్యి.”

అందరూ నవ్వారు. మండలి పెద్ద కూడా నవ్వాడు. మందు మారలేదని, దీపం మారిందని ఒప్పుకున్నాడు. కిష్టయ్య సీసాను రెండు చేతులతో బల్ల మీద పెట్టి, తప్పయిందమ్మా అన్నాడు. అప్పుడు మండలి పెద్ద, ఊరికే అడిగినట్టు, అసలు ఇది నీళ్లని మొదట అన్నదెవరని అడిగాడు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రం నిచ్చెన కింద ఉన్నవాళ్లెవరూ ఈ గుంపులో లేరు. కిష్టయ్యకు నా పేరు తెలియదు. పైగా నేను నిచ్చెన మీద ఉన్నప్పుడు అతను చూసింది నా కాళ్లనే. నేను దీపం మీది నీలం కాగితాన్ని విప్పి మడత పెడుతున్నాను. రెండు మడతలు సరిపోయే కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాను. చిన్నమ్మ నా వైపు చూడలేదు. ఎవరో అన్నరు, పోనీయండి అంది.

చిన్న డాక్టరు ఆమెను మర్నాడు రమ్మన్నాడు. ఆమె గెలిచిందని నేను అనుకున్నాను. గల్లీ కూడా అలాగే అనుకుంది, కాని మందుకు రాలేదు. సీసా గుమ్మం దాటితే ఏమవుతుందో చూడ్డానికి వచ్చేవారు. తాగమంటే నాగ్‌పాడాలో కొత్తగా వచ్చిన డాక్టరు దగ్గరికి పోయేవారు. ఆ రుజువు చూసినవాళ్లు ఒక గుమ్మం పట్టేటంతమంది. జోకు విన్నవాళ్లకు లెక్క లేదు, వర్లి దాకా పోయింది. దీపావళి ముందు చిన్న డాక్టరు ఆమెను కూర్చోబెట్టి, నీ తప్పేమీ లేదు, కాని ప్రతి రోగికీ వెలుగు శాస్త్రం చెప్పలేను, ఇకమీద రేకుల్లో మూసిన మాత్రలే ఇస్తాం అన్నాడు. మాత్రలకు కాంపౌండరు అక్కర్లేదు. ఆమె మూడు జాడీలూ కడిగి, బోర్లించి, తాళంచెవి బల్ల మీద పెట్టి మెట్లెక్కి ఇంటికి వచ్చింది. ఆ తరువాత బల్ల మీద ఎవరికీ కామెర్లు రాలేదు.

నేను చాలా రోజులు ఆమె గది ముందు నుంచి పోకుండా, అటు చివరి మెట్ల మీదుగా తిరిగాను. అటు మెట్ల పక్కనే పాయఖానాలు. శిక్షగా అది చాలనుకున్నాను. చివరికి ఆమే పిలిచింది, బల్బు పోయిందని. వెళ్లేసరికి ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. బొటనవేలు మామూలు రంగులోకి వచ్చింది. బల్బు బిగించి దిగాను. ఏదో ఒకటి చెప్పాలి కనుక, నేను చూసింది నీళ్లలాగే ఉండె చిన్నమ్మా, నాకు అప్పుడు తోచలేదు అన్నాను.

“కనవడ్డది అన్నవు. గది తప్పు కాదు,” అంది చాటలోంచి తలెత్తకుండా. “రంగు డబ్బా సంగతి నీకు ఒక్కనికే చెప్పిన. గది వాడుకున్నవు.”

నేను అక్కడ నవ్వు పుట్టించే మాట కోసం వెతికాను. సాధారణంగా ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజు లేదు. ఆమె చాట పక్కకు జరిపి చాయ్ పెట్టింది. గ్లాసులో పోసింది, సాసర్‌లో కాదు.

తరువాతి ఏళ్లలో నేను పెళ్లి పందిళ్లు వదిలి నాటకాలకు దీపాలు పెట్టే పనిలోకి వచ్చాను. వర్లిలో మనవాళ్లు వేసే తెలుగు నాటకాలకు మొదట్లో నన్నే పిలిచేవారు, ఎందుకంటే నేను అడిగింది ఇవ్వకపోయినా ఊరుకునేవాణ్ని. ఏ నాటకం ఒప్పుకున్నా వేషాల రంగులు రాసుకుని చిన్నమ్మ దగ్గరికి పోయేవాణ్ని. ఆకుపచ్చ చీర కట్టిన రాణి మీద ఎర్ర దీపం వేస్తే ఏమవుతుందో ఆమె బీడీ చుడుతూనే చెప్పేది: రాణికి ఎవరో పోయినట్టుంటుంది. ఒకసారి ఒక దర్శకుడు, కథానాయకుడి ఛాతీ మీద నెత్తురు మరక ఎర్ర వెలుగులో భగ్గుమనాలన్నాడు. ఎర్ర వెలుగులో ఆ నెత్తురు తెల్ల చొక్కాలో కలిసిపోతుందని చెప్పాను. నమ్మలేదు. ప్రదర్శన రోజు కథానాయకుడు శుభ్రమైన చొక్కాతో పది నిమిషాలు చచ్చాడు. ఈ కథ చెప్పినప్పుడు మాత్రం చిన్నమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకునేంతగా నవ్వింది.

అయితే ఆ వర్లిలోనే, ప్రదర్శనల ముందూ వెనకా, నా జోకు నాకు ఎదురవుతూ ఉండేది. కామాఠీపురలో ఒక కాంపౌండరమ్మ ఉండేదట, మందు అని నల్లా నీళ్లు పోసేదట అని ఎవరో మొదలుపెట్టేవారు. వాళ్లకు అది ఎవరిదో తెలియదు. నేను మొదట్లో వినీ విననట్టు ఊరుకున్నాను. తరువాత ఎర్ర జిలెటిన్ ముక్క ఒకటి, అరచేయంత, చొక్కా జేబులో పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఎవరు ఆ జోకు చెప్పినా ఆపి, ఏదో ఒక బల్బుకు దాన్ని అడ్డం పెట్టి, ఆ వెలుగులో ఎర్రటి వస్తువు రంగు ఎలా పోతుందో చూపించి, మందు ఎర్రదేనని చెబుతాను. విన్నవాళ్లు ఒప్పుకుంటారు. ఒప్పుకున్నాక, అయినా జోకు బాగుంది కదా అంటారు. బాగుంటుంది. నాకు తెలుసు. అయితే అలా చూపించిన ఎవరికీ, అది అన్నది నేనేనని చెప్పలేదు.

పోయిన వానాకాలం అయిపోయాక చిన్నమ్మ పోయింది. రెండు రోజుల జ్వరం. పాడె మీద తెల్లగుడ్డ కప్పి, దాని మీద ఎర్ర గులాలు చల్లుతూ తీసుకుపోయాం. బీడీలు చుట్టే ఆడవాళ్లు, మండలి వాళ్లు, నల్లా దగ్గరివాళ్లు అందరూ గల్లీ చివరి దాకా వచ్చారు. నా ముందు వర్లి నుంచి వచ్చిన ఒకాయన నడుస్తున్నాడు, ఆమె భర్త వైపు చుట్టం. దారిలో ఎవరో పోయిందెవరని ఆయన్ని అడిగారు.

“గామెనే, నీళ్ల కాంపౌండరమ్మ,” అన్నాడు.

చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఇంకో పేరు ఆయనకు తెలియదు. నేను నాలుగడుగులు తొందరగా వేసి ఆయన పక్కకు చేరాను. మందు ఎర్రగానే ఉండేదని చెప్పాను. ఆ దీపాలు కట్టింది నేనేనని, నీళ్లని మొదట అన్నదీ నేనేనని, ఎవరన్నారని అడిగిన రోజు కాగితం మడత పెడుతూ నిలబడ్డానని చెప్పాను. ఆయన చెప్పులు ఈడుస్తూ విన్నాడు. ఎర్రగా ఉంటే మరి నీళ్లలాగ ఎట్ల కనపడ్డది అని అడిగాడు.

జేబులోంచి జిలెటిన్ ముక్క తీసి ఇచ్చాను. ఎండ బాగా ఉంది. ఆయన దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని, ముందు పోతున్న పాడె వైపు చూశాడు. తెల్లగుడ్డ మీద గులాలు లేదు. ముక్క తీసి చూశాడు, ఉంది. మళ్లీ పెట్టుకుని, మళ్లీ తీసి చూశాడు.

“ఆమె పేరు రాజవ్వ,” అన్నాను.